వీధికి కర్టెన్ కుట్టిన పిన్ని

మా వీధి చివర టెలిఫోన్ ఆఫీసు మేడ మీద తుపాకీ పెట్టుకుని కూర్చున్నవాడు ఒకరోజు పొద్దున మా కర్టెన్ల పిన్ని కోసం యుద్ధం ఆపేశాడని ఒక పుకారు. ఎంతసేపు ఆపాడు, ఎందుకు ఆపాడు, అసలు ఆపాడా అన్నది ఇవాళ్టిదాకా ఎవరూ తేల్చలేదు. తేల్చగలిగినవాడు వాడొక్కడే. వాడేమో వెళ్తూ వెళ్తూ చిరునామా ఇచ్చిపోలేదు.

పుకారు సంగతి అలా ఉంచండి. ముందు మనిషి గురించి చెప్తాను.

పిన్ని పని కర్టెన్లు కుట్టడం. రోడ్డుకి ఇటు వైపు ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. ఊళ్ళో సగం కిటికీలకి ఆవిడ కుట్టినవే వేలాడేవి. మిగతా సగం కిటికీల వాళ్ళని ఆవిడ మనుషుల్లో జమకట్టేది కాదు. కిటికీ బయటి నించి చూసి, ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటున్నారో లేదో చెప్పేసేదంటారు. ఆవిడకి ఉన్న పిచ్చల్లా కుచ్చులు. కుచ్చులు పెడితే గుడ్డ రెండింతలు పడుతుంది. అయినా సరే పెట్టాల్సిందే. "కుచ్చులు వద్దా? అయితే దుప్పటి కట్టుకో పో, నా దగ్గరికెందుకొచ్చావు?" అని వచ్చిన బేరాన్ని గుమ్మంలోంచే తిప్పి పంపేసేది.

కుట్టడం పిన్ని వంతు, గోడకి రాడ్డు బిగించి తగిలించడం బాబాయి వంతు. బాబాయి మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. నిచ్చెన మీద పని కదా, ఎప్పుడు చూసినా నోట్లో మేకులుండేవి. పెళ్ళి ఫొటోలో కూడా ఆయన నోట్లో రెండు మేకులున్నాయని మా వీధిలో చెప్పుకుంటారు. ఆ ఫొటో నేను చూశాను. ఒకటే ఉంది.

రోడ్డుకి అటు వైపు, సరిగ్గా ఎదురు మేడలో, రెండో అంతస్తులో పిన్ని వాళ్ళ అక్క ఉండేది. మాకందరికీ పెద్దమ్మ. మోకాళ్ళు రెండూ ఎప్పుడో సమ్మె కట్టాయి. నాలుగు కాళ్ళ ఇనప స్టాండు ఒకటి ముందు పెట్టుకుని, దాన్ని జరిపి, తను జరిగి, మళ్ళీ దాన్ని జరిపి నడిచేది. పడగ్గదిలోంచి వంటింటికి బయల్దేరిందంటే దారిలోనే కాస్త వయసు పైబడేది. నోరు మాత్రం చిరుతపులి.

యుద్ధం మొదట పేపర్లో ఉండేది. తర్వాత ఊరి శివార్లలో ఉందన్నారు. ఆ తర్వాత మా వీధిలోకి వచ్చింది కానీ, అప్పటికి పేపరు రావడం మానేసింది కాబట్టి ఆ సంగతి మాకు మేమే తెలుసుకోవాల్సొచ్చింది. రెండు పక్షాలున్నాయి. ఏ వీధి ఎవరిదో, ఏ రోజు ఎవరిదో మాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. ఎవరి బాంబు పడినా గోడ ఒకేలా కూలేది.

అలాంటప్పుడు టెలిఫోన్ ఆఫీసు మేడ మీదికి వాడు చేరాడు. అక్కణ్ణించి చూస్తే మా రోడ్డంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది. కదిలినదాన్నల్లా కాల్చేవాడు. పిల్లిని కాల్చాడు, పాల డబ్బాని కాల్చాడు, మనుషుల్ని కాల్చాడు. కుళాయి మా వైపు, రొట్టెల బట్టీ అటు వైపు. రోడ్డు దాటకుండా ఎవరికీ పూట గడవదు. మా వాళ్ళు వాడికి అల్లుడని పేరు పెట్టారు. పనీ పాటా ఉండదు, పైన కూర్చుంటాడు, ఎప్పుడు దేనికి కోపమొస్తుందో తెలీదు, ఇంటిల్లిపాదీ వాడి నిద్రా వాడి తిండీ కనిపెట్టుకుని మసలాలి. ఇంకేం పేరు పెడతారు? పొద్దున్నే గుమ్మాల దగ్గర ఇవే మాటలు.

"అల్లుడు లేచాడా?"

"లేచినట్టున్నాడు. మంగలి షాపు అద్దం పోయింది."

"ఇవాళ ఎలా ఉన్నాడేం?"

"అత్తగారు ఏదో అన్నట్టుంది, చిరాగ్గా ఉన్నాడు."

ఒకరోజు పెద్దమ్మకి బీపీ మాత్రలు నిండుకున్నాయి. ఆ మాట కిటికీలోంచి అరిచి చెప్పింది. మందుల షాపు మా వైపు. బాబాయి మాత్రలు తెచ్చి చొక్కా జేబులో వేసుకుని, అల్లుడు భోజనం చేసే వేళ చూసుకుని రోడ్డు దాటాడు. ఆ రోజు అల్లుడు త్వరగా తినేశాడు. బాబాయి రోడ్డు మధ్యలో పడిపోయాడు. పొద్దు వాలేదాకా ఎవరూ దగ్గరికి వెళ్ళలేకపోయారు. పిన్ని ఇటు గుమ్మంలో, పెద్దమ్మ అటు కిటికీలో, మధ్యలో ఆయన.

ఆయన్ని లోపలికి తెచ్చాక చూస్తే మాత్రల అట్ట జేబులో అలాగే ఉంది. మర్నాడు పిన్ని అది పట్టుకుని తనే పరుగెత్తి రోడ్డు దాటి, అక్క మేడ కింద బుట్టలో వేసి, అదే పరుగున తిరిగొచ్చింది. పెద్దమ్మ తాడుతో బుట్ట పైకి లాక్కుంది. ఇద్దరూ మాట అనుకోలేదు. అప్పట్నించి రోజూ ఇదే వరస. భోజనం గిన్నె బుట్టలో పెట్టడం, పరుగెత్తడం. ఆవిడ పరుగు చూసి బుల్లెట్లే సిగ్గుపడి పక్కకి తప్పుకునేవని రొట్టెల బట్టీ దగ్గర అనుకునేవారు.

అలా ఎన్నాళ్ళయినా సాగేదేమో కానీ, పెద్దమ్మ మేడకి వెనక గోడ పోయింది. బాంబు పడి మొత్తం జారిపోయింది. ముందు నించి చూస్తే మేడ, వెనక నించి చూస్తే అలమార. ఎవరి మంచం ఎక్కడుందో, ఎవరి బీరువా మీద ఎంత దుమ్ముందో అరలు అరలుగా ఊరంతటికీ కనిపించేది. మిగతా కాపురాలన్నీ దిగి వెళ్ళిపోయాయి. వెనక వీధిలో లారీ వెళ్తే చాలు, మేడంతా వణికి పెచ్చులు రాల్చేది. ఇవాళో రేపో కూలుతుందని దారినపోయే ప్రతివాడూ ఇంజనీరులా చెప్పేవాడు.

అక్కని ఇటు తెచ్చుకోవడం తప్ప పిన్ని బుర్రలో ఇంకేం లేదు. చిక్కల్లా రోడ్డుతోనే. పరుగెత్తగలిగిన వాళ్ళకి అది రోడ్డు, పెద్దమ్మకి సముద్రం. ఆవిడ నడకకి అల్లుడు టీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు తీరిగ్గా గురి చూసుకోవచ్చు.

అందుకని పిన్ని రోడ్డుకి కర్టెన్ కుట్టింది. టెలిఫోన్ ఆఫీసు వైపు నించి అల్లుడికి ఏమీ కనపడకుండా, ఈ మేడ నించి ఆ మేడకి అడ్డంగా వీధంత వెడల్పు కర్టెన్.

ఇంటికో దుప్పటి ఇమ్మని తిరిగింది. ఇచ్చారు, కానీ సణుక్కోకుండా ఇచ్చినవాళ్ళు లేరు. మా పై వాటాలో ఉండే డాబా అత్త ఇచ్చిన దుప్పటి మీద పెద్ద మరక ఉంది. అది టీ మరక అని ఆవిడ అడక్కముందే చెప్పింది. అడక్కముందే చెప్పడంతో అది టీ కాదని వీధిలో అందరికీ రూఢి అయిపోయింది. తీరా దుప్పట్లన్నీ పోగయ్యాక, పిన్ని వాటికి కుచ్చులు పెట్టడం మొదలుపెట్టింది. దాంతో గుడ్డ చాల్లేదు. ఇంటికి ఇంకో దుప్పటి అడిగేసరికి రేడియో తాతకి ఒళ్ళు మండింది. వీధి మొత్తానికి పనిచేసే రేడియో ఆయన దగ్గరొక్కటే ఉండటంతో ఆ రోజుల్లో ఆయన మాటకి బరువుండేది.

"ఇది వీధమ్మా, మీ షోకేసు కాదు. కుచ్చులెందుకూ?"

"ఒంటి పొర గుడ్డకి ఎండలో నీడ పడుతుంది తాతా. మీ బట్టతల నీడ చూసి గురి పెట్టుకోలేడా?"

తాత లోపలికి వెళ్ళి రెండు దుప్పట్లు తెచ్చిచ్చాడు.

గాలికి లేవకుండా కింద అంచుకి సంచుల్లా కుట్టి ఇటుక ముక్కలు నింపింది. ఇటుక ముక్కలకి ఆ రోజుల్లో లోటు లేదు, ప్రతి గోడా తలా కాస్త సరఫరా చేస్తూనే ఉంది. తాడు బదులు కేబుల్ టీవీ వైరు. ఎలాగూ అందులోంచి బొమ్మలు రావడం మానేశాయి. ఒక వేకువన, అల్లుడు ఇంకా లేవకముందు, పిన్ని నిచ్చెనెక్కింది. మేకులు నోట్లో పెట్టుకుని, ఒక్కొక్కటీ తీసి కొట్టింది. కింద నిచ్చెన పట్టుకున్నవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు.

అల్లుడికి కర్టెన్ నచ్చలేదు. కొన్నాళ్ళు దాన్నే కాల్చాడు. పిన్ని రోజూ చిల్లులకి మాసికలు వేసేది. తర్వాత విసుగు పుట్టి మానేశాడు. జనం కర్టెన్ చాటున రొట్టెలకి వెళ్ళి రావడం మొదలుపెట్టారు. మా వీధిలో చావులు తగ్గాయి. పక్క వీధివాళ్ళు వచ్చి చూసి, కొలతలు తీసుకెళ్ళి, కుచ్చులు లేకుండా కుట్టుకున్నారు. వాళ్ళకి నీడ పడింది. కుచ్చులు లేకే ఇలా అయిందన్న మాట, అక్కడ ఇద్దరు పోయారని విన్నాక కూడా, పిన్ని ఎవరితోనూ అనలేదు.

ఇంత చేసి, కుర్చీ ఇచ్చి ఇద్దరు మగవాళ్ళని అక్క దగ్గరికి పంపితే, పెద్దమ్మ దిగనంది.

"నేను శవాన్నా, మోసుకెళ్ళడానికి?" అని ఇనప స్టాండు ఎత్తింది. "దొంగముండలా దుప్పట్ల చాటున రాను. మనిషిలా రోడ్డు మీద నడవగలిగిన రోజు నేనే వస్తాను. మీ పిన్నితో చెప్పండి."

వాళ్ళు వచ్చి చెప్పారు. ఒకడికి మోచేయి వాచింది.

"అప్పటిదాకా ఆగితే మేడే ఆవిడ్ని దింపుతుందని చెప్పండి," అంది పిన్ని.

"మేం మళ్ళీ వెళ్ళం పిన్నీ," అన్నారు వాళ్ళు.

దుప్పట్ల చాటు అనేది వట్టి సాకు. చెల్లెలి ముఖం చూడటానికి ఆవిడకి కాళ్ళు కాదు, మనసు రావడం లేదని వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. మాత్రలు నిండుకున్నాయని అరిచిన నోరు ఆవిడదే కదా.

ఇలా ఉండగా ఒక పొద్దున రేడియో తాత చొక్కా కూడా వేసుకోకుండా రోడ్డు మీదికొచ్చాడు. "కాల్పుల విరమణ! ఇవాళ పొద్దున్నించే! సంతకాలయిపోయాయి!"

ఆయన సరిగ్గానే విన్నాడు. వార్త నిజమే. పెద్దపెద్దవాళ్ళు ఎక్కడో బల్ల చుట్టూ కూర్చుని సంతకాలు పెట్టారు. కాకపోతే అల్లుడికి ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి వార్త వింటే వేరే ఊళ్ళలో జనం ఏం చేస్తారో నాకు తెలీదు. మా వీధివాళ్ళు కర్టెన్ ఉతకడానికి దించారు. దించమని మొదట అన్నది డాబా అత్త.

"ఇన్నాళ్ళూ ప్రాణభయంతో ఊరుకున్నాం కానీ, మన పక్క గుడ్డలు ఊరందరి ఎదటా ఆ అవతారంలో వేలాడుతుంటే సిగ్గుగా లేదూ?"

అందరికీ నిజమే అనిపించింది. పిన్ని ఒక్క క్షణం తటపటాయించింది. మళ్ళీ తలెత్తి కర్టెన్‌కి పట్టిన పొగ మసి చూసింది. "అది నా చేతి పని. రేపు యుద్ధం అయిపోయాక అది చూసి నాకు బేరమెవరిస్తారు?" అని తనే కత్తెర పట్టుకుంది. అంత పెద్దది తొట్టెలో పట్టదు కదా, కుట్లు విప్పి ఏ దుప్పటికి ఆ దుప్పటి విడదీసింది. ఇటుక ముక్కలు కుప్ప పోశారు. కుళాయి దగ్గర తొట్టెలు పెట్టి సబ్బు నురగతో వీధంతా పండగ చేశారు. రేడియో తాత ఎదురు మేడ కిందికెళ్ళి, "అమ్మా, కాల్పులు ఆపేశారు! ఇంక మనిషిలా దిగిరా!" అని కేకేశాడు. కిటికీలోంచి జవాబు లేదు.

దుప్పట్లన్నీ నీళ్ళలో ఉండగా డాబా అత్త పూలకుండీ ఠాప్‌మని పగిలింది.

క్షణంలో రోడ్డు ఖాళీ. అందరూ గుమ్మాల్లో, గోడల వెనక. తొట్టెలు మాత్రం బయట.

"తాతా, అల్లుడి దగ్గర రేడియో లేదా?" అన్నారెవరో.

"ఉండే ఉంటుంది," అన్నాడు తాత. "బ్యాటరీలు అయిపోయుంటాయి."

అప్పుడు ఎదురు మేడ గుమ్మంలో టక్కుమని ఇనప చప్పుడైంది. పెద్దమ్మ. ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, స్టాండుతో సహా కిందికి దిగేసింది. తాత కేక వేసిన దగ్గర్నించీ ఆవిడ మెట్లు దిగుతూనే ఉంది పాపం. వీధంతా ఒక్క గొంతుతో, "వెనక్కి వెళ్ళు పెద్దమ్మా!" అని అరిచింది. ఆవిడకి వెనక్కి తిరగడమే సగం రోడ్డు నడవడంతో సమానం. పైగా ఆ మెట్లు మళ్ళీ ఎక్కడం ఆవిడ వల్ల కాదు. ఒకసారి కర్టెన్ ఉండాల్సిన చోటు చూసింది. ఖాళీ వైరు ఊగుతోంది. స్టాండు ముందుకి జరిపింది.

పిన్ని తొట్టెలోంచి చేతికందిన దుప్పటి లాగింది. డాబా అత్తదే వచ్చింది. నీళ్ళు కారుతుండగా దాన్ని పట్టుకుని పరుగెత్తి, అక్కకీ టెలిఫోన్ ఆఫీసుకీ మధ్యన నిలబడి, రెండు చేతులూ చాచి రాడ్డులా పట్టుకుంది. తడి గుడ్డ, ఒంటి పొర, వీపు మీద ఎండ. వెనక ఇద్దరు ఆడవాళ్ళున్నారని ఆ దుప్పటి అచ్చు వేసినట్టు చూపిస్తోంది. ఆ మాట అందరికన్నా పిన్నికే బాగా తెలుసు. అయినా పట్టుకుంది. పెద్దమ్మ ఒక అడుగు వేస్తే తనూ పక్కకి ఒక అడుగు. వీధిలో ఊపిరి పీల్చినవాళ్ళు లేరు. అందుకే వాళ్ళ మాటలు అందరికీ వినపడ్డాయి.

"కాల్పులు ఆపేశారన్నారు?" అంది పెద్దమ్మ.

"వాడికి చెప్పలేదట."

"ఎంత నిర్వాకం! దుప్పటి పైకెత్తవే, అంచు మట్టిలో ఈడుస్తున్నావు. మళ్ళీ ఉతుక్కోవాలి."

"నువ్వు నడు అక్కా."

"నడుస్తూనే ఉన్నాగా. ఈ మరకేంటి?"

"టీ."

"టీ కాదది."

ఇంకో రెండడుగులు పడ్డాయి. రోడ్డు మధ్యలో పెద్దమ్మ ఆగిపోయింది. చుట్టూ చూసి, నేల వైపు చూసింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే. నడు."

"కాసేపు ఆగుతానే."

"ఆగితే ముగ్గురమవుతాం. నడు."

"నేను మాత్రల మాట చెప్పకుండా ఉండాల్సింది."

"చెప్పకపోతే నువ్వు పోయేదానివి. అప్పుడు నాకీ చేతులు నొప్పెట్టుకునే పని తప్పేది. నడవ్వే అక్కా, నీకు దణ్ణం పెడతా."

"చేతులు ఖాళీ లేకుండా ఏం దణ్ణం," అంది పెద్దమ్మ. స్టాండు జరిపింది.

వాళ్ళు పిన్ని గుమ్మంలోకి వచ్చి పడేసరికి నాలాంటి వాళ్ళకి జుట్టు నెరిసింది. అల్లుడు ఒక్క గుండు కాల్చలేదు. వాళ్ళు లోపలికి వచ్చాక కాల్చాడు. తొట్టె పగిలి సబ్బునీళ్ళు వీధంతా పారాయి. పిన్ని చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోతే, ఇద్దరు పట్టుకుని కిందికి దించారు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని, "ఈ ఇంట్లో కిటికీకి ఇంకో కుచ్చు పడుతుందే," అంది. పిన్ని అప్పుడు ఏడ్చింది. బాబాయి పోయిన రోజు నించి దాచిందంతా ఏడ్చింది.

దుప్పట్లు తడిగానే కుట్టి, అటు చివర ఈసారి కూలే మేడకి కాక పక్క మేడకి కట్టారు. ఆ వారంలోనే ఎదురు మేడ కూలింది. పెద్దమ్మ కిటికీలోంచి చూసి, తన వంటిల్లు కన్నా ముందు పక్క వాటా డాక్టరుగారి వంటిల్లు పడిందని తృప్తిపడింది.

అల్లుడు ఎందుకు కాల్చలేదన్నదానికి వీధిలో ఎన్ని నోళ్ళున్నాయో అన్ని కారణాలున్నాయి. వాడికీ ఇలాంటి పెద్దమ్మే ఉందని ఒకరు. తుపాకీ మొరాయించిందని ఒకరు. పిన్ని పనితనానికి ముచ్చటపడి ఆపాడని, యుద్ధం అయ్యాక వచ్చి కర్టెన్లకి ఆర్డరిచ్చి వెళ్ళాడని డాబా అత్త. మొత్తం సైన్యాన్నే ఆపించాడని రొట్టెల బట్టీ వాళ్ళు. యుద్ధం సద్దుమణిగాక ఈ కథ మా వీధి దాటి ఊళ్ళు తిరిగింది.

మొన్న కొట్టుకెళ్ళినప్పుడు అడిగేశాను. పిన్ని మిషను మీద ఉంది, ఎవరిదో హాలు కిటికీకి కుచ్చులు మడుస్తోంది.

"పిన్నీ, ఆ రోజు అల్లుడు మీ ఇద్దరి కోసం కాల్పులు ఆపాడటగా?"

"ఎవరు చెప్పారు?"

"అందరూ."

"అందరికీ పనిలేదు. అదంతా అబద్ధం. వీధికి నేను కర్టెనూ కుట్టలేదు, తోరణమూ కట్టలేదు. రోడ్డు మధ్యలోకి నేను వెళ్ళనే లేదు. మా అక్క మొదట్నించీ ఈ ఇంట్లోనే ఉంది."

"ఇక్కడే ఉన్నాను," అంది పెద్దమ్మ లోపల్నించి. "ఆ మేడేదో నేనెరగను."

"అదేంటి పిన్నీ, వీధి వీధంతా చూసింది!"

"చూడలేదు." దారం పళ్ళతో తెంపింది. "వాడు ఆపాడనుకో, ఆపడం వాడికి చేతనవునని కదా. చేతనైనవాడు మీ బాబాయి అప్పుడు కూడా ఆపేవాడు. కాబట్టి వాడేం ఆపలేదు. నేనేం దాటలేదు. అసలలాంటిదేదీ మన వీధిలో జరగలేదు. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పు, పో."